చాయ్ మానేసిన చలికాలం

డిసెంబర్ 5, 2022

చాయ్ మానేయాలట.

నల్లగొండ దవాఖానలో డాక్టరమ్మ నా మెడ ఎక్స్‌రేని కిటికీ వెలుతురులో పట్టుకుని చూసి, వయసెంత అని రెండోసారి అడిగింది. నలభై ఎనిమిది అన్నాను. బొక్కలు మాత్రం డెబ్బై ఏళ్ళవాడివిలా ఉన్నాయంది. మా ఊరి పేరు చెప్పాక ఇక నీళ్ళ గురించి అడగలేదు. చిన్నప్పటి నుంచి తాగిన బోరు నీళ్ళలోని ఫ్లోరైడంతా మెడలోనూ మోకాళ్ళలోనూ చేరి కూర్చుంది. ఇప్పుడు నల్లాకు మంచినీళ్ళే వస్తున్నాయి కదమ్మా అన్నాను. అవి తాగు, చాయ్ మాత్రం బంద్ పెట్టు అంది. చాయ్‌పత్తలో కూడా అదే ఉంటుందట. రోజుకు ఎన్ని తాగుతావంటే మూడో నాలుగో అని చెప్పాను. పక్కన నిలబడ్డ మంజుల నా మొహం వైపు చూసి, ఎనిమిదికి తక్కువ ఉండవని తనే చెప్పింది.

పాడైనవి బాగుపడవు, మిగిలినవి కాపాడుకో అని పంపేసింది.

తిరుగు బస్సులో మంజులకు గట్టిగా చెప్పాను, ఎవరికీ ఈ సంగతి తెలియకూడదని. షావుకారు విజేందర్ చెవిన పడితే, మోకాలు మడవలేనివాడికి గుంట మగ్గం మీద పట్టుచీర ఎందుకిస్తాడు? గుర్వయ్యకు కూడా చెప్పొద్దన్నాను. గుర్వయ్య నాకు బావ వరస. మా వీధి చివర ఇల్లు. ఇద్దరం విజేందర్ దగ్గరే నేస్తాం. పొద్దున లేస్తే ఐలేశం హోటల్లో ఒకే బల్ల మీద కూర్చుంటాం. అంతా నిజమే. కానీ అతని నోట్లో నువ్వుగింజ నానదు. 

ఈ డైరీ నల్లగొండ బస్టాండులో కొన్నాను. నోటికి పని తప్పింది, చేతికైనా పని పెడదామని.

డిసెంబర్ 6

తలనొప్పి. మంజుల జీలకర్ర నీళ్ళు కాచి ఇచ్చింది. వేడిగా ఉంది. అంతకుమించి చెప్పడానికేం లేదు.

డిసెంబర్ 7

పొద్దున్నే కాళ్ళు వాటంతటవే హోటల్ వైపు నడిచాయి. వీధి మలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగాను. ఐలేశం ముందు కూర్చుని చాయ్ వద్దనడం నాకు చేతకాదు. వద్దంటే ఎందుకని అడుగుతారు. అడిగితే చెప్పాలి. అటు పోకపోవడమే మంచిదని తేల్చుకున్నాను.

వచ్చి మగ్గం గుంటలోకి దిగాను. చేతిలో నాడె పోగుల మధ్య అటూ ఇటూ కాసేపు ఆడిందో లేదో బయట సైకిల్ ఆగింది. గుర్వయ్య. ఎప్పటిలాగే పరమేష్ అని పేరు పెట్టి పిలిచాడు. నేను చెయ్యి ఆపేశాను. మంజుల గడప దగ్గరికి వెళ్ళి, చండూరుకు పోయిండని చెప్పింది. సైకిల్ వెంటనే కదల్లేదు. గుంటలో ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. నాకే నవ్వొచ్చింది, దొంగలా ఈ దాక్కోవడమేమిటని. తర్వాత చెయిన్ చప్పుడు దూరమైంది.

పగలంతా పోగులు తెంపుకుంటూనే ఉన్నాను. కూరలో ఉప్పెక్కువైందని మంజుల మీద అరిచాను. ఉప్పు సరిగ్గానే ఉంది.

డిసెంబర్ 9

మగ్గం మీద కూర్చుంటే చాయ్ తప్ప ఇంకోటి గుర్తుకు రావడం లేదు. రాసి పారేస్తే పోతుందేమో చూస్తాను.

ఐలేశం పొద్దున పెట్టే మొదటి చాయ్ ఒక రకం. అప్పుడే కాగిన పాలు, రాతి కింద నలిగిన అల్లం, చక్కెర ఒక పిసరు ఎక్కువ. నాలుక మీద పడగానే కళ్ళు తెరుచుకుంటాయి. కాస్త ఎండెక్కాక వెళితే అదే గిన్నెలో మరిగి మరిగి గొంతు పట్టుకునేంత కడక్‌గా తయారై ఉంటుంది. చాలామంది మొహం చిట్లిస్తారు. నాకు అదే కావాలి. సాయంత్రం మాత్రం ఇంటి చాయ్. బర్రె పాలలో మంజుల చుక్క నీళ్ళు పోయదు. పైన మీగడ తెట్టు కడుతుంది, దాన్ని ఓ పక్కకు ఊదుకుంటూ తాగాలి. చిన్నప్పుడు జ్వరమొస్తే మా అవ్వ బెల్లం వేసి నల్ల చాయ్ ఇచ్చేది, మిరియం ఘాటుకు చెవుల్లోంచి ఆవిరి పోయేది. ఆ చాయ్ కోసం లేని జ్వరం తెచ్చుకున్న రోజులున్నాయి. హైదరాబాదులో చీరలు ఇచ్చి వచ్చేటప్పుడు ఇరానీ. అందులో ఉస్మానియా బిస్కెట్ ముంచి తీయడానికి ఒక ఒడుపు కావాలి, రెప్పపాటు ఆలస్యమైతే సగం బిస్కెట్ అడుక్కి పోతుంది. అడుక్కి పోయినదాన్ని వేలితో తీసుకు తినడం కూడా నాకిష్టమే, చుట్టుపక్కల తెలిసినవాళ్ళు లేకపోతే.

సుక్కమ్మక్క రాత్రి మిగిలిన జొన్నరొట్టెను చాయ్‌లో నానేసుకుని తినేది. గుర్వయ్య భార్య. వాళ్ళింటికి పోతే నాకూ ఒక ముక్క విరిచిచ్చేది. మొదట్లో ఏవగించుకున్నాను, తర్వాత అడిగి తిన్నాను. మొన్న బతుకమ్మ పండుగ వెళ్ళిన వారానికి, ఆసు చట్రం మీద దారం పోస్తూ పోస్తూ పక్కకు ఒరిగిపోయింది. దవాఖాన దాకా కూడా పోలేదు.

గుర్వయ్యా నేనూ ఎప్పుడూ వన్ బై టూ చెబుతాం. ఒక చాయ్, రెండు గ్లాసులు. సగం తాగితే తాగినట్టు కాదని మా ఇద్దరి నమ్మకం, అందుకని కాసేపాగి ఇంకోటి చెప్పొచ్చు. అతను సాసర్లో పోసుకుని వీధంతా వినబడేలా జుర్రేవాడు. అక్క పోయాక సాసర్ అడగడం మానేశాడు. గ్లాసు ముందు పెట్టుకుని రోడ్డు చూస్తూ కూర్చుంటాడు. చాయ్ చల్లారిపోతుంది. చల్లారిన చాయ్ తాగేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మంట. ఒకటి రెండుసార్లు అన్నాను కూడా, తాగు బావా, నీళ్ళయిపోతాంది అని.

రాశాను. పోలేదు. ఇంకా ఎక్కువైంది.

డిసెంబర్ 13

నకిరేకల్‌లో మంజుల చిన్నమ్మ కొడుకు పెళ్ళి. చాయ్ తాగలేదు.

లెమన్ టీ తాగాను. కాగితం కప్పు, బొటనవేలంత. పాలు లేనిదాన్ని మా వైపు ఎవరూ చాయ్ అనరు. పైగా పెళ్ళికొడుకు మేనమామ స్వయంగా తెచ్చి చేతిలో పెట్టాడు, వద్దంటే మర్యాద కాదు. నిమ్మరసం పడితే పత్తలో ఉన్నది విరిగిపోతుందేమో కూడా. డాక్టరమ్మను ఆ సంగతి అడగాల్సింది.

రెండోది నేనే వెళ్ళి తెచ్చుకున్నాను.

డిసెంబర్ 16

మంజుల మా ఇంట్లో చాయ్ పెట్టడం మానేసింది. నా కోసమే. మంచి మనసే. అయితే రోజూ సాయంత్రం పక్కింటి రాజమణి దగ్గరికి పోయి కూర్చుని వస్తోంది. ఇవాళ వచ్చాక దగ్గరికి పోతే ఇలాచీ వాసన. నిన్ను తాగొద్దన్నదెవరు, దాచుకుని తాగడమెందుకు అని గట్టిగా అడిగాను. నేను దాచే సంగతులు లేవా అంది. అక్కడితో ఆగకుండా గుర్వయ్య మాట తీసింది.

"అన్న పొద్దుగాల గూడ వచ్చిండు. లేవని చెప్పిన. మగ్గం దిక్కు చూసి పోయిండు. ఇగ నాతోని గాదు గీ అబద్ధాలు. రేపొస్తే నువ్వే చెప్పుకో."

కొంచెం కుదుటపడ్డాక నేనే వెళ్ళి మాట్లాడతానన్నాను. ఏం కుదుటపడాలి అని అడిగింది. ఈ చిరాకు తగ్గాలి కదా. ఇప్పుడు వెళితే అతని ముందు గ్లాసు చూసి ఉండబట్టలేక తాగేస్తాను. తాగితే ఇన్నాళ్ళ కష్టం మట్టిపాలు. ఆమెకు ఇదంతా అర్థం కాదు.

డిసెంబర్ 19

గుర్వయ్య రాలేదు. మంచిదే.

డిసెంబర్ 22

గుర్వయ్య రావడం లేదు.

ఐలేశం వచ్చాడు. హోటల్ వదిలి ఎవరింటికీ పోని మనిషి, చేతులు తుడుచుకుంటూ వచ్చి గడప ముందు నిలబడ్డాడు. తన చాయ్‌లో ఏమన్నా తేడా వచ్చిందా అని అడిగాడు. లేదు, షావుకారు తొందర పెడుతున్నాడు, చీర నేసి మగ్గం మీంచి తెంపాలి, తీరిక లేదని చెప్పాను. తలాడించాడు. పోతూ పోతూ ఒక మాట చెప్పాడు. గుర్వయ్య రోజూ వచ్చి వన్ బై టూనే చెబుతున్నాడట. తన సగం తాగి, రెండో గ్లాసు బల్ల మీద అట్లాగే వదిలి లేచిపోతున్నాడట. పారబోయాలంటే మనసొప్పడం లేదన్నాడు.

రోజూ సగం గ్లాసు చాయ్ పారబోస్తున్నారు.  పత్త, పాలు, అల్లం, అంతా మోరీలోకి. నేను ఇక్కడ దాని కోసం చస్తుంటే.

డిసెంబర్ 27

ఇవాళ జరిగింది బాగాలేదు.

పోస్టాఫీసులో పనుండి వెనకవీధిలోంచి వెళ్ళాను, హోటల్ తగలకుండా. కానీ ఆ వీధి చివర ఖాళీ జాగాలోంచి హోటల్ బల్ల కనబడుతుంది. గుర్వయ్య ఒక్కడే కూర్చుని ఉన్నాడు. నన్ను చూశాడు. నేనూ చూశాను. మెడ పక్కకు తిప్పుకుందామంటే నా మెడ తిరగదు, మొత్తం మనిషినే తిరగాల్సి వచ్చింది. వీపు చూపించినట్టయింది. అతను లేచి నిలబడ్డట్టు అనిపించింది. పిలిచాడో లేదో తెలియదు. చెప్పు సర్దుకున్నట్టు వంగి, ముందుకు నడిచేశాను.

వంగితే మోకాలు కలుక్కుమంది. ఇంటికొచ్చాక కాపడం పెట్టుకున్నాను.

చీర తెంపేశాక తప్పకుండా వెళతాను.

జనవరి 4, 2023

మెడ కుడివైపు కొంచెం తిరుగుతోందనిపిస్తోంది. మంజులకు తిప్పి చూపించాను. ఎప్పటిలాగే ఉందంది.

జనవరి 5

ఒక చోట నిలవలేను. మగ్గంలో కూర్చుంటే బయటికి రావాలనిపిస్తుంది. బయట నిలబడితే లోపలికి పోవాలనిపిస్తుంది. తులసి ఆకుల నీళ్ళు, అంబలి, మజ్జిగ, మళ్ళీ జీలకర్ర నీళ్ళు. ఇది చాయ్ కోసమే అనుకున్నాను ఇన్నాళ్ళూ.

జనవరి 18

గుర్వయ్య ఊరు వదిలి వెళ్ళిపోయాడు.

పొద్దున్నే మంజుల చెప్పింది. మగ్గం కట్టెలు మొన్ననే అమ్మేశాడట. ఇంటికి తాళం వేసి, కొత్తకోటలో బిడ్డ సుమన దగ్గరికి పోయాడట. పోయేముందు నిన్న మా ఇంటికి వచ్చాడు, తాళంచెవి ఒకటి మంజుల చేతిలో పెట్టడానికి. నేను అప్పుడు షావుకారు దగ్గర ఉన్నాను. నిజంగానే ఉన్నాను ఆ పూట.

ఏమన్నాడని అడిగాను. మంజుల చెప్పడానికి ఇష్టపడలేదు. గుచ్చి గుచ్చి అడిగితే చెప్పింది.

"సావైన ఇంటోన్ని, నా పక్కపొంటి కూసుంటే ఏమన్న అంటుతదనుకున్నడేమో పరమేష్, ఏమనుకోకు చెల్లె, ఎవల భయం వాళ్ళది అన్నడు."

నువ్వేం చెప్పావన్నాను.

"ఏం చెప్పాలె? ఎవ్వలకు చెప్పొద్దని నువ్వే అంటివి."

జనవరి 19

అతను అట్లా ఎలా అనుకుంటాడు. ముప్పై ఏళ్ళ స్నేహం. సుక్కమ్మక్క పాడె మోసినవాణ్ణి నేను.

తిరిగి లెక్కేసుకుంటే, ఆమె పోయిన రెండు నెలలకే నేను హోటల్ మానేశాను. నేను డాక్టరమ్మ చెప్పిన రోజు నుంచి లెక్కపెట్టుకుంటున్నాను. అతను అక్క పోయిన రోజు నుంచి లెక్కపెట్టుకుని ఉంటాడు.

జనవరి 22

ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేస్తే సుమన ఎత్తింది. బాపు తింటున్నాడా అంటే తింటున్నడు మామా అంది. మాట్లాడతాడా అంటే కాసేపు అటు అడుగుతున్నట్టు వినిపించింది. పడుకున్నడు మామా అంది. మిట్టమధ్యాహ్నం.

జనవరి 25

నిన్న కొత్తకోట పోయి వచ్చాను. దేవరకొండ, కల్వకుర్తి, జడ్చర్ల, ఎక్కడికక్కడ బస్సు మారాలి. బస్సెక్కడానికి కాలు ఎత్తడమే కష్టమైంది, కల్వకుర్తిలో ఒకాయన చెయ్యిచ్చి లాగాడు. జడ్చర్లలో చాయ్ తాగాను. ఒక నిండు గ్లాసు. దాచాలని ఏమీ అనిపించలేదు. ఇన్నాళ్ళు కలవరించినదానికి రుచే తెలియలేదు, వేడినీళ్ళు దిగినట్టు దిగింది. బస్సులో కూర్చున్నాక గ్లాసు పట్టుకున్న చెయ్యి వాసన చూసుకున్నాను, తాగింది చాయేనా అని.

సుమన పెనిమిటి సతీశ్‌కు పెద్ద రోడ్డు పక్కన బండ్ల సామాన్ల దుకాణం ఉంది, వెనక ఇల్లు. దుకాణం ముందు ప్లాస్టిక్ కుర్చీలో గుర్వయ్య కూర్చుని బెంగళూరు పోయే లారీలను చూస్తున్నాడు. గడ్డం పెరిగింది. నన్ను చూసి లేవలేదు. ఎందుకొచ్చినవ్ అన్నాడు. నిన్ను చూద్దామని అన్నాను. చూసినవ్ గద అన్నాడు.

సతీశ్ ఇంకో కుర్చీ వేశాడు. సుమన లోపల్నుంచి రెండు చాయ్‌లు తెచ్చి స్టూలు మీద పెట్టి, తాగు మామా అని నిలబడింది. తల్లి పోలిక, అదే నిలబడడం. నేను తాగనమ్మా అన్నాను. ఆ పిల్ల మొహం చిన్నబోయి లోపలికి వెళ్ళింది. గుర్వయ్య అప్పుడు మొదటిసారి నా వైపు తిరిగాడు.

"గింత దూరమొచ్చి గీడ గూడ తాగవా?"

ఇక దాచలేకపోయాను. "డాక్టర్ బంద్ పెట్టమన్నది బావ. నా బొక్కలు పాడైనయి. మెడ తిరుగుతలేదు, సూడు."

చూపించబోతే మనిషంతా తిరిగాను. అతను చూశాడు. ఎప్పటి నుంచి అని అడిగాడు, చెప్పాను. నాకెందుకు చెప్పలేదని అడిగాడు. షావుకారు చెవిన పడుతుందని భయపడ్డానన్నాను. నేను చెప్తాననుకున్నావ్ అన్నాడు. రోడ్డు వైపు తిరిగాను. లారీలు పోతూనే ఉన్నాయి.

అతనే మళ్ళీ మాట్లాడాడు. గొంతు పెంచలేదు.

"నేను పిల్వనొస్తే నీ మగ్గం ఆగిపోయేది పరమేష్. మగ్గం నేసే సాలోన్ని, గా చప్పుడు నాకు ఇనపడదా? ఆలు సచ్చినోని మొఖం పొద్దుగాల్ల ఎందుకు చూడాలె అనుకుంటున్నవని సమజైంది నాకు."

"అట్ల గాదు బావ."

"నాకేమెరుక? నువ్వు చెప్పలేదాయె." తర్వాత నేల చూస్తూ అన్నాడు, "సుక్క ఉన్నప్పుడు నేను హోటల్‌కు చాయ్ తాగనొచ్చేటోన్ని. సుక్క పోయినంక కూసోనీకొచ్చేటోన్ని. నువ్వు లేకపోతే గా బల్ల మీద ఎవల పక్కపొంటి కూసోవాలె?"

 ఇన్నాళ్ళూ చాయ్ మానలేక నేను పడ్డ యాతనే రాసుకున్నాను. అంతకుముందు కూడా, పక్కన మనిషి చల్లారిపోతుంటే చాయ్ చల్లారుతోందని చెప్పినవాణ్ణి.

అతను తన గ్లాసు ఎత్తి తాగాడు. నా గ్లాసు కూడా తన వైపు జరుపుకుని తాగాడు. లోపలికి వినబడకుండా, బిడ్డ ఇలాచీ వేస్తది, చాయ్ తాగినట్టుండదు, సోంపు నమిలినట్టుంటది అన్నాడు. నవ్వలేదు, నేనూ నవ్వలేదు. కానీ ఆ మాటతో కుర్చీలో కొంచెం వెనక్కి వాలగలిగాను.

ఊరికి రమ్మని అడిగాను. మగ్గమే లేదు, ఏం పనుందని రావాలి, బిడ్డ మంచిగనే చూసుకుంటోంది అన్నాడు. అదీ నిజమే. బస్సు దాకా వచ్చాడు. నేను ఎక్కడానికి తంటాలు పడుతుంటే వెనక నుంచి నడుం పట్టుకుని పైకి తోశాడు.

జనవరి 27

పొద్దున్నే ఐలేశం హోటల్‌కు పోయాను. బల్ల మీద అరడజను మంది ఉన్నారు. అందరూ వినేలా చెప్పాను, నా బొక్కలు పోయాయి, చాయ్ తాగకూడదు, కూర్చోవడానికి వచ్చానని.  తర్వాత కాటమయ్య తాత, మెడ వంగక ఆకాశం వైపు చూస్తూ నడిచే మనిషి, ఇగ రా, నా పక్కకు రా అన్నాడు. ఐలేశం అడగకుండానే గ్లాసులో వేడినీళ్ళు పోసి పెట్టాడు. చుట్టూ అందరి గ్లాసుల్లోంచీ ఆవిరి. నోట్లో నీళ్ళూరుతూనే ఉన్నాయి. కూర్చున్నాను.

ఫిబ్రవరి 2

విజేందర్ ఇంటికి వచ్చాడు. మగ్గం మీదున్న చీర తెంపెయ్యి, తొందరేం లేదు, ఆ తర్వాత జర ఆరోగ్యం చూసుకో అన్నాడు. మంచి మాటలే చెప్పాడు. కొత్త చీరకు దారం మాత్రం ఇవ్వనని ఆ మంచి మాటల మధ్యలోనే చెప్పాడు. తిట్టినా బాగుండేది.

మంజుల అంబలి తెచ్చి పెట్టింది. 

ఫిబ్రవరి 6

గుర్వయ్యకు ఫోన్ చేసి షావుకారు సంగతి చెప్పాను. ఈసారి అతనే ఎత్తాడు. అంతా విని, "మరి నీ మగ్గం ఖాళీగున్నట్టేనా?" అన్నాడు. ఔనన్నాను. సరే అని పెట్టేశాడు.

నా కష్టం చెప్పుకుందామని చేస్తే మగ్గం సంగతి అడుగుతాడేమిటి. కొంటాడా? కొని కొత్తకోటలో పెడతాడా? మధ్యాహ్నమంతా గుంట చుట్టూ తిరిగాను. మా నాయిన కూర్చున్న మగ్గం. ఎవరికీ ఇవ్వను.

ఫిబ్రవరి 7

ఇస్తాను, అడిగితే. గుర్వయ్య అడిగితే ఇస్తాను.

ఫిబ్రవరి 14

గుర్వయ్య సంచితో దిగాడు. ఇంటికి కూడా పోకుండా తిన్నగా మా గడప ఎక్కి, మంజులను తాళంచెవి అడిగి, నా వైపు చూసి చెప్పాడు.

"నీకు మోకాళ్ళు లేవు, నాకు మగ్గం లేదు. నేను గుంటల కూసుంట. నువ్వు కుర్చీల కూసోని, రంగు అంటకుండ పోగులకు చిటికి కట్టు. చీర ఒక్కటే, మనుషులం ఇద్దరం. షావుకారుతోని నేను మాట్లాడిన."

బిడ్డ ఏమంది అని అడిగింది మంజుల. ఏడ్సింది, మళ్ళ తనే టిఫిను గట్టిచ్చింది అన్నాడు.   మగ్గం నీ ఇష్టం బావా అనబోయాను. అతను నా జవాబు కోసం ఆగకుండా గుంటలోకి దిగి, తొక్కుడు కట్టెలు తన కాళ్ళకు సరిపోయేలా సర్దుకోవడం మొదలుపెట్టాడు. నాకన్నా పొడుగు. సర్దుతుంటే నా నాయిన జాగా మారిపోతున్నట్టు కొంచెం ముల్లు గుచ్చుకుంది. అబద్ధమెందుకు, గుచ్చుకుంది.

ఫిబ్రవరి 18

సుఖంగా ఏమీ లేదు. దారానికి కట్టు వేస్తుంటే వేళ్ళు లాగుతున్నాయి. గుర్వయ్య మగ్గం దెబ్బ నాకన్నా గట్టి, నా కట్టు వదులైతే చీరలో పువ్వు చెదురుతుంది, చెదిరిందని గుంటలోంచి తిడతాడు. నేను పైనుంచి తిడతాను. మంజుల ఇద్దరినీ తిడుతుంది. మధ్యమధ్యలో మాట్లాడుతూ మాట్లాడుతూ అతను సుక్క ఉంటేనా అని ఆగిపోతాడు. నేను అప్పుడు చేతిలో పని ఆపి ఊరికే కూర్చుంటున్నాను. చల్లారుతుందనీ, తాగమనీ ఏమీ అనడం లేదు.

ఫిబ్రవరి 23

ఇవాళ చీర కొంగు దాకా వచ్చింది, గుర్వయ్య గుంటలోంచి లేవనన్నాడు. హోటల్‌కు నేనే పోయాను. మంజుల ఫ్లాస్కు కడిగి ఇచ్చింది. ఐలేశం నిండా పోసి మూత బిగించాడు.

దారిలో చింతచెట్టు దగ్గర ఎవరూ లేరు. మూత తీశాను. అల్లం వాసన మొహానికి కొట్టింది. ఆవిరి కళ్ళజోడు మీద కమ్మింది. అట్లా నిలబడ్డాను, ఒక ట్రాక్టర్ హారన్ కొట్టేదాకా. తర్వాత మూత బిగించి నడిచాను.

ఇంటికొచ్చి గ్లాసులో పోసి గుంట అంచున పెట్టాను. గుర్వయ్య ఫ్లాస్కు అందుకుని చెవి దగ్గర ఊపి చూశాడు.

"నడుమల తాగినవ్."

లేదన్నాను. ఒట్టు అన్నాను. అతను మంజుల వైపు చూశాడు, ఆమె నా వైపు చూసింది. ఇద్దరూ నవ్వారు. గుర్వయ్య నవ్వు ఇంత పెద్దదని మరిచిపోయాను, నాడె కింద పడిపోయింది. దాన్ని తీసివ్వడానికి వంగబోయి, వంగలేక, నేనూ నవ్వాను.

వాళ్ళు నమ్మలేదు. నమ్మకపోతే పోనీ. తాగలేదు.